కలిసే చోటు: ఆయిలర్ జీవితం, ఏడు వంతెనల లెక్క

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా నాన్నకు అరెకరం మల్లెతోట ఉంది. మల్లె సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్కమాట చెబుతాను. మల్లె మార్కెట్లో పువ్వుగా అమ్ముడుపోదు, మొగ్గగానే అమ్ముడుపోతుంది. తెల్లవారకముందే టార్చిలైటు వెలుగులో మొగ్గలు కోసి, గంపకెత్తి, తడిగుడ్డ కప్పి, పొద్దెక్కేలోగా పట్నం చేర్చాలి. ఆలస్యమైతే వాడుతుంది, సాయంత్రానికి విచ్చుకుంటుంది. విచ్చిన పువ్వుకు వాసన ఉంటుంది గాని ధర ఉండదు.

మా ఊరి నుంచి అడ్డరోడ్డు దాకా ఆటో, అడ్డరోడ్డు నుంచి స్టేషను దాకా బస్సు, స్టేషను నుంచి పట్నం దాకా ప్యాసింజరు రైలు. మొత్తం మూడు బండ్లు. పోయిన వేసవిలో ఒకరోజు నాన్నతో నేనూ బయల్దేరాను. ఆటో వేళకే వచ్చింది. బస్సూ వేళకే వచ్చింది. రైలు కూడా వేళకే వచ్చి, వేళకే వెళ్ళిపోయింది. మా బస్సు స్టేషను ముందు ఆగేసరికి రైలు కదిలి పది నిమిషాలయిందట. ఆ వారమే రైలు వేళను పావుగంట ముందుకు జరిపారు. బస్సు వేళను ఎవరూ జరపలేదు. తర్వాతి రైలు రెండున్నర గంటలకు. మేము వెళ్ళేటప్పటికి మార్కెట్టు ఖాళీ. వచ్చిన ధరకు తెగనమ్మి, మిగిలిన గంపతో ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం అమ్మ వాటిని మాలలు కట్టి వీధిలో అందరికీ పంచింది. వీధంతా ఘుమఘుమలాడింది. నాన్న మాత్రం మాట్లాడలేదు. తిడదామంటే ఎవరూ దొరకలేదు మరి! అందరూ వేళకే వచ్చారు. తప్పు ఏ బండిలోనూ లేదు. బండీ బండీ కలిసే చోట ఉంది.

ఈ సంగతి మా లెక్కల మాస్టారుతో చెబితే ఆయన నవ్వలేదు. రకరకాల వాహనాలు కలిసి నడిచే రవాణా వ్యవస్థను లెక్కలోకి దించడం పెద్ద శాస్త్రమని, దాని మూలం వెతుక్కుంటూ వెనక్కి పోతే ఒక మనిషి దగ్గర ఆగుతావని చెప్పి లైబ్రరీకి పంపారు. ఆ మనిషి పేరు మనకు కొత్తదేమీ కాదు. ఎనిమిదో తరగతిలో ముఖాలు, శీర్షాలు, అంచులు లెక్కపెట్టి బట్టీపట్టిన సూత్రం ఆయనదే. లియోనార్డ్ ఆయిలర్. సూత్రం వచ్చు గాని సూత్రం వెనుక మనిషి నాకు తెలియదు. తెలుసుకున్నంత మేరకు మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పడవ, బండి, ఓడ

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులో రైన్ నది ఒడ్డునున్న బాసెల్ నగరంలో పుట్టాడు. తండ్రి పాల్ ఆయిలర్ చర్చిలో పాస్టరు. కలిగిన కుటుంబమేమీ కాదు. పిల్లవాడు పుట్టిన కొద్దికాలానికే కాపురం దగ్గరలోని రీహెన్ అనే పల్లెకు మారింది. తండ్రికి లెక్కలంటే అభిమానం. చదువుకునే రోజుల్లో జాకబ్ బెర్నౌలీ అంతటివాని పాఠాలు విన్నాడు. కొడుక్కి మొదటి లెక్కలు తానే నేర్పాడు. అయినా కొడుకు తనలాగే పాస్టరు కావాలని ఆయన కోరిక. మన ఇళ్ళలో నాన్నలకుండే కోరికల్లాంటిదే ఇదీను.

పదమూడో ఏట ఆయిలర్ బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ జాకబ్ తమ్ముడు యోహాన్ బెర్నౌలీ గణితాచార్యుడు. విడిగా పాఠం చెప్పడానికి తీరికలేదని ఆయన ఖండితంగా చెప్పేశాడు. కాని కొన్ని కష్టమైన పుస్తకాల పేర్లు చెప్పి, వాటిని సొంతంగా చదువుకోమని, అర్థంకాని చోట్లు మాత్రం శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమని అన్నాడు. వారమంతా కుస్తీపట్టి, శనివారం వీలైనంత తక్కువ ప్రశ్నలతో గురువు ముందు నిలబడాలన్నది ఆ కుర్రవాడి పంతం. తర్వాతి రోజుల్లో గణితం నేర్చుకోవడానికి అంతకన్న మంచి పద్ధతి లేదని ఆయనే చెప్పుకున్నాడు. చివరికి తండ్రిని ఒప్పించినవాడు కూడా యోహాన్ బెర్నౌలీయే. ఈ పిల్లవాడు పాస్టరు కావడానికి పుట్టలేదని ఆయన నచ్చజెప్పాడు.

1727లో పారిస్ అకాడమీ ఒక పోటీ పెట్టింది. ఓడ మీద తెరచాప కొయ్యలు ఎక్కడ నిలిపితే మేలు అన్నది ప్రశ్న. ఆయిలర్ సముద్రం చూడలేదు, సముద్రపు ఓడ ఎక్కలేదు. అయినా వ్యాసం రాసి పంపాడు. మొదటి బహుమతి నౌకాశాస్త్రంలో ఆరితేరిన బూగేకు దక్కింది, ఆయిలర్ రెండో స్థానంలో నిలిచాడు. అదే కాలంలో బాసెల్‌లో భౌతికశాస్త్రాచార్య పదవికి దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వలేదు. అప్పటికాయన వయసు పందొమ్మిది.

సొంత ఊళ్ళో ఉద్యోగం లేదు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గులో కొత్తగా వెలసిన అకాడమీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ యోహాన్ కొడుకు డేనియల్ బెర్నౌలీ ఉన్నాడు. ద్రవాల పాఠంలో మనం చదివే బెర్నౌలీ ఆయనే. 1727 ఏప్రిల్ 5న ఆయిలర్ బయల్దేరాడు. రైన్ నది మీద పడవ, జర్మన్ రాజ్యాల గుండా టపా బండి, లూబెక్ రేవు నుంచి ఓడ. మే 17న పీటర్స్‌బర్గు చేరాడు. మూడు రకాల ప్రయాణసాధనాలు, ఆరు వారాలు! ఆ రోజుల్లో ఒక బండి దిగినవాడు రెండోది దొరికేదాకా ఎన్ని రోజులు కాచుకోవాలో చెప్పనక్కరలేదు. దిగేనాటికి ఆయనకు సరిగ్గా నా వయసు, ఇరవై. దిగిన రోజునే రష్యా మహారాణి మొదటి కాథరీన్ చనిపోయింది. అకాడమీ భవిష్యత్తే అయోమయంలో పడింది. కొన్నాళ్ళు ఆయన రష్యా నౌకాదళంలో పనిచేశాడు. తర్వాత నిలదొక్కుకుని, డేనియల్ స్వదేశానికి తిరిగి వెళ్ళిన 1733లో గణితశాఖకు పెద్ద అయ్యాడు. మరుసటి ఏడు కాథరీనా సెల్‌ను పెళ్ళాడాడు. పదముగ్గురు పిల్లలు పుట్టారు, ఐదుగురే బతికి పెద్దయ్యారు. ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, కాళ్ళ దగ్గర మరో బిడ్డ ఆడుతుండగా లెక్కలు చేసేవాడని చెప్పుకుంటారు.

ఏడు వంతెనలు

అప్పట్లో ప్రష్యాలో కోనిగ్స్‌బర్గ్ అనే పట్టణం ఉండేది. ప్రెగెల్ నది ఆ ఊళ్ళో పాయలుగా చీలి నడుమ ఒక లంకను చుట్టుకుని పోతుంది. లంక ఒకటి, ఉత్తరపు ఒడ్డు ఒకటి, దక్షిణపు ఒడ్డు ఒకటి, తూర్పున పాయల మధ్యనున్న నేల ఒకటి. మొత్తం నాలుగు నేలముక్కలు, వాటిని కలుపుతూ ఏడు వంతెనలు. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా ఏడింటినీ ఒకే నడకలో దాటగలమా అన్నది ఆ ఊరివాళ్ళ కాలక్షేపపు ప్రశ్న. దాటినవాడు లేడు, దాటలేమని చెప్పగలిగినవాడూ లేడు.

1735 ఆగస్టు 26న ఆయిలర్ తన జవాబును పీటర్స్‌బర్గు అకాడమీకి సమర్పించాడు. అప్పటికాయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ లెక్కకు గణితంతో పెద్దగా సంబంధం లేదని, మామూలు తర్కంతోనే తేలిపోతుందని ఆయనే ఉత్తరంలో రాశాడు. ఆ తర్కం ఏమిటో చూడండి. జవాబు కోసం ఆయన ఊళ్ళో నడవలేదు, దారులన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టివేయనూ లేదు. మొదట అక్కర్లేనివన్నీ పారేశాడు. వంతెన ఎంత పొడుగు, నది ఎంత లోతు, లంక ఎంత పెద్దది, ఇవేవీ అక్కర్లేదన్నాడు. ఏ నేల ఏ నేలతో కలిసింది, ఎన్నిసార్లు కలిసింది, అంతే కావాలన్నాడు.

ఇప్పుడొక నేలముక్క మీదికి ఒక వంతెన దాటి వచ్చామనుకోండి. ఆ వంతెన ఖర్చయిపోయింది. బయటికి పోవాలంటే ఇంకొకటి కావాలి. రాకకొకటి, పోకకొకటి. అంచేత దారిలో నడుమ తగిలే ప్రతి నేలకూ సరిసంఖ్యలో వంతెనలుండాలి. బయల్దేరిన చోటుకూ ఆగిపోయిన చోటుకూ మాత్రమే బేసి చెల్లుతుంది. అంటే బేసి వంతెనలున్న నేలలు రెండుకు మించకూడదు. కోనిగ్స్‌బర్గులో లంకకు ఐదు, మిగతా మూడింటికీ తలా మూడు. నాలుగూ బేసే! కాబట్టి అలాంటి నడక అసాధ్యం. ఎంత తెలివైనవాడు తిరిగినా, ఎన్నేళ్ళు తిరిగినా అసాధ్యం.

నాకు ఇందులో బాగా నచ్చిందేమిటంటే, అసాధ్యమని తెలియడం కూడా ఒక మేలే. తెలిస్తే కాళ్ళీడ్చుకుంటూ తిరగడం మానేసి ఎనిమిదో వంతెన ఎక్కడ కట్టాలో ఆలోచిస్తాం. ఈ వ్యాసం 1741లో అచ్చయింది. మనం ఇప్పుడు గీసే చుక్కలూ గీతల బొమ్మ ఆయన గీయలేదు, అక్షరాలతోనే పని ముగించాడు. చుక్కలూ గీతలూ తర్వాతివాళ్ళవి. బేసి లెక్క కుదిరితే దారి తప్పక ఉంటుందన్న రెండో సగానికి పూర్తి నిరూపణ జర్మనీకి చెందిన హియర్‌హోల్జర్ పేర 1873లో వచ్చింది. ఇదంతా కలిసి నేడు గ్రాఫ్ సిద్ధాంతమైంది. కోనిగ్స్‌బర్గు ఇప్పుడు రష్యాలో కలినిన్‌గ్రాడ్. ఏడింటిలో రెండు వంతెనలు రెండో ప్రపంచయుద్ధపు బాంబులకు కూలిపోయాయి. మిగిలిన ఐదు తావుల వరకే లెక్కిస్తే ఇప్పుడు బేసి నేలలు రెండే. ఆ నడక ఇప్పుడు సాధ్యమే. యుద్ధం చేసిన పనికి సంతోషించలేం గాని లెక్క మాత్రం అదే.

ఇక మా మల్లెగంప సంగతి. ఆయిలర్ ఆటోల గురించీ రైళ్ళ గురించీ ఆలోచించలేదు, అలా అనడం అబద్ధమవుతుంది. కాని ఆయన చూపిన చూపుతోనే ఈనాటి ఇంజనీర్లు రవాణాను చూస్తారు. ఆగే చోట్లు చుక్కలు, దారులు గీతలు, ప్రతి గీత మీదా పట్టే సమయం ఒక అంకె. బస్సు దారులు ఒక కాగితం మీద, రైలు దారులు ఇంకో కాగితం మీద గీసి ఒకదానిపై ఒకటి పరచండి. మనకు స్టేషను ఒకటే చోటు. ఈ బొమ్మలో మాత్రం రెండు చుక్కలు. బస్సు ఆగే చుక్క కింది కాగితం మీద, రైలు ఆగే చుక్క పై కాగితం మీద. వాటి నడుమ నిలువుగా ఒక గీత గీయాలి. దిగి నడవడానికి, టిక్కెట్టు కొనడానికి, కాచుకోవడానికి పట్టే సమయం ఆ గీత మీది అంకె. ఆ గీత మీద చక్రాలు తిరగవు. ఏ పటంలోనూ అది కనపడదు. అంచేత దాని బాధ్యత ఎవరిదీ కాదు. మా మొగ్గలు వాడింది సరిగ్గా ఆ గీత మీదనే. ఆ గీతలన్నీ వేశాక అతి తక్కువ సమయం పట్టే దారి వెతకడానికి డచ్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి ఉంది. గీత వేయకపోతే మాత్రం ఏ పద్ధతీ దాన్ని చూడలేదు.

కాలువ లెక్క

పీటర్స్‌బర్గులో ఆయిలర్‌కు అప్పగించిన పనుల్లో రష్యా దేశపు పటాలు తయారుచేయడం ఒకటి. 1735లో ప్రాణం మీదికి తెచ్చిన జ్వరం వచ్చింది. 1738 నాటికి కుడికన్ను చూపు దాదాపు పోయింది. పటాల మీద వంగి పనిచేయడం వల్లనే పోయిందని ఆయన నమ్మకం. జ్వరమే కారణమై ఉండవచ్చని తర్వాతివాళ్ళ ఊహ. ఏమైతేనేం, ఒక కన్నుతోనే పని సాగింది.

1741లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ పిలుపు మీద బెర్లిన్ వెళ్ళి పాతికేళ్ళున్నాడు. ఆయన గొప్ప పుస్తకాలు ఎన్నో అక్కడే వచ్చాయి. మా లాంటి వ్యవసాయపు ఇళ్ళవాళ్ళకు వెంటనే తలకెక్కేది 1755లో అకాడమీ ముందుంచి 1757లో అచ్చువేసిన ద్రవచలనపు వ్యాసం. అందులో పెద్ద సమీకరణాలున్నాయి గాని పునాది ఒకటే, నీరు ఊరికే పుట్టదు, ఊరికే మాయంకాదు. పంటకాలువలో రెండు తూముల మధ్య భాగాన్ని చూడండి. పై తూము నుంచి వచ్చిన నీటిలోంచి కింది తూము నుంచి పోయిన నీరు తీసేస్తే, మిగిలినంత మేరకు ఆ భాగంలో మట్టం పెరుగుతుంది. ఈ సంగతి మా నాన్నకూ తెలుసు. దీన్ని కాలువలో ప్రతి బిందువుకూ, ప్రతి క్షణానికీ పట్టేలా అవకలన సమీకరణంగా రాసినవాడు ఆయిలర్.

రెండు వందల ఏళ్ళ తర్వాత, 1955లో ఇంగ్లండులో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు, 1956లో అమెరికాలో రిచర్డ్స్ ఇదే సూత్రాన్ని రోడ్డు మీద వాహనాలకు అన్వయించారు. ఇక్కడ నీటికి బదులు బండ్లు. గంటకు దాటే బండ్ల సంఖ్య కావాలంటే కిలోమీటరుకున్న బండ్లను వేగంతో గుణించాలి. ఉదాహరణకు కిలోమీటరుకు 20 బండ్లు, గంటకు 60 కిలోమీటర్ల వేగం అనుకుందాం. గంటకు 1200 బండ్లు దాటుతాయి. రద్దీ పెరిగి కిలోమీటరుకు 100 బండ్లయి, వేగం 8కి పడిపోతే దాటేవి 800 మాత్రమే. రోడ్డు నిండుగా ఉంది గాని పని తక్కువ జరుగుతోంది! రైల్వేగేటు పడినప్పుడు గమనించండి. ప్రతి బండీ ముందుకే వస్తుంది, ఆగిన వరస తోక మాత్రం వెనక్కి వెనక్కి పాకుతుంది. ఆ తోక ఎంత వేగంతో పాకుతుందో ఈ సమీకరణం చెబుతుంది. దాన్ని కంప్యూటరుతో సాధించేటప్పుడు కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి అడుగడుగునా ముందుకు పోవాలి. అలా అడుగులు వేసే పద్ధతుల్లో అన్నిటికన్న తేలికైనది 1768లో ఆయిలర్ తన సమాకలన గణిత గ్రంథంలో చెప్పినదే. న్యూమరికల్ మెథడ్స్ పేపర్లో మనల్ని ఏడిపించే ఆయిలర్ పద్ధతి అదే మిత్రులారా.

నీటికీ జనానికీ ఒక తేడా ఉంది. నీరు దారి ఎంచుకోదు, మనిషి ఎంచుకుంటాడు. ప్రతివాడూ తనకు త్వరగా చేర్చే దారి పట్టినప్పుడు రోడ్లమీద రద్దీ ఎలా సర్దుకుంటుందో 1952లో వార్‌డ్రాప్ అనే ఇంగ్లీషువాడు సూత్రీకరించాడు. ఆ భాగం ఆయిలర్ తర్వాతివాళ్ళది.

రాజుగారి వేళాకోళం

ఇంత చేసినా బెర్లిన్‌లో ఆయిలర్‌కు మర్యాద దక్కలేదు. ఫ్రెడరిక్ రాజుకు మాటకారులంటే ఇష్టం. ఆయిలర్ భక్తిపరుడు, నిరాడంబరుడు, సభలో చమత్కారంగా మాట్లాడటం చేతకానివాడు. గ్రీకు పురాణాల్లోని ఒంటికంటి రాక్షసుడితో పోల్చి రాజు ఆయన్ను వెక్కిరించేవాడు. రాజుగారి సాన్ సుసీ తోటలో ఫౌంటెన్లకు నీరెక్కించే పని విఫలమైతే ఆ నింద కూడా గణితం మీదనే పడింది. లోపం ఆయన లెక్కలో లేదని, గొట్టాల విషయంలో ఆయన చేసిన హెచ్చరికను పనివాళ్ళు పెడచెవిన పెట్టారని మన కాలపు చరిత్రకారులు వాదించారు. పంపు ఒకరిది, గొట్టం ఒకరిది, లెక్క ఒకరిది. కలిసే చోట మళ్ళీ ఎవరూ లేరు!

బెర్లిన్ పక్కన షార్లోటెన్‌బర్గులో ఆయిలర్‌కు వ్యవసాయ క్షేత్రం ఒకటి ఉండేది. సప్తవర్ష సంగ్రామంలో 1760లో రష్యా సేనలు వచ్చి దాన్ని దోచుకున్నాయి. అది ఆయిలర్ పొలమని తెలిశాక రష్యా సేనాని నష్టపరిహారం ఇప్పించాడు. మహారాణి ఎలిజబెత్ దానికి మరికొంత కలిపి పంపింది. సొంత రాజు వెక్కిరించినవాడిని శత్రుదేశం అలా గౌరవించింది.

చీకటిలో వంపు

1766లో రెండవ కాథరీన్ మహారాణి ఆహ్వానం మీద ఆయిలర్ పీటర్స్‌బర్గుకు తిరిగి వచ్చాడు. వచ్చిన కొద్దికాలానికే మంచి కన్నుకూ శుక్లం కమ్మింది. 1771లో ఆపరేషను చేస్తే చూపు వచ్చింది. కాని కొద్దిరోజులే! పుండు పట్టి ఉన్నదీ పోయింది. అదే ఏడు నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు తగలబడింది. బాసెల్ నుంచే వచ్చిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి దూరి ఈ గుడ్డి పెద్దమనిషిని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. చేతిరాతలు చాలామటుకు దక్కాయి. 1773లో నలభై ఏళ్ళు తోడున్న భార్య పోయింది.

ఇన్ని దెబ్బలు తిన్న మనిషి ఏమి చేయాలి? ఆయిలర్ మాత్రం వేగం పెంచాడు. కొడుకు యోహాన్ ఆల్బ్రెహ్ట్, శిష్యులు ఫుస్, లెక్సెల్ లాంటివాళ్ళు పలక పట్టుకుని కూర్చుంటే నోటితో చెప్పేవాడు. 1775లో సగటున వారానికొక వ్యాసం చొప్పున పూర్తయిందంటారు. జీవితకాలంలో రాసిన ఎనిమిది వందల పైచిలుకు రచనల్లో సుమారు సగం ఈ చివరి పదిహేడేళ్ళవే. బీజగణితం పాఠ్యపుస్తకాన్ని గణితం రాని ఒక దర్జీ కుర్రవాడికి చెప్పి రాయించాడని, పుస్తకం ముగిసేసరికి ఆ కుర్రవాడు లెక్కలు చేయడం నేర్చేశాడని ఒక కథ ఉంది. కథలో ఎంత నిజమున్నా ఆ పుస్తకం చదివితే నమ్మాలనిపిస్తుంది, అంత తేలిగ్గా ఉంటుంది.

ఆ చీకటి రోజుల పని ఒకటి చెప్పాలి. 1744లో ఆయన ఒక సర్పిలాన్ని వర్ణించాడు. దాని మీద నడుస్తూ పోయేకొద్దీ వంపు సమానంగా పెరుగుతూ పోతుంది. దాని చివరి బిందువు ఎక్కడో కనిపెట్టే లెక్క అప్పట్లో లొంగలేదు. ముప్పై ఏడేళ్ళ తర్వాత, 1781లో, రెండు కళ్ళూ లేని డెబ్బై నాలుగేళ్ళ వయసులో దాన్ని సాధించాడు. ఆయన ఉద్దేశం రైలు కాదు, రైలు అప్పటికి పుట్టనే లేదు. కాని రైలు పట్టా తిన్నగా వచ్చి ఒక్కసారిగా గుండ్రంగా తిరిగితే పెట్టె కుదుపుకు లోనవుతుంది. తిన్నదానానికీ వంపుకూ నడుమ మెల్లగా వంపు పెరిగే ముక్క ఒకటి కావాలి. పందొమ్మిదో శతాబ్దం చివర రైల్వే ఇంజనీర్లు వెతుక్కుంటూ చేరింది ఈ సర్పిలం దగ్గరికే. మనం రైల్లో కునికిపాట్లు పడుతూ మలుపు దాటామని తెలియకుండా దాటుతామే, అది ఈ రకమైన వంపు పుణ్యమే. ఇదీ కలిసే చోటు లెక్కే చూడండి.

చివరి రోజు

1783 జూన్‌లో ఫ్రాన్సులో మాంగోల్ఫియే సోదరులు వేడిగాలి నింపిన బెలూన్‌ను జనం ముందు ఎగరేశారు. ఆ కబురు ఐరోపా అంతా పాకింది. నేల మీద, నీటి మీద మాత్రమే తిరిగిన మనిషికి గాలిలో మూడో దారి తెరుచుకుంది. పీటర్స్‌బర్గులోని ముసలాయన ఊరుకుంటాడా? ఆ బెలూన్ పైకి పోయే వేగం లెక్కకట్టడం మొదలుపెట్టాడు. సెప్టెంబరు 18న మనవడికి పాఠం చెప్పాడు. బెలూన్ లెక్క చేశాడు. రెండేళ్ళ కిందట కనుగొన్న యురేనస్ గ్రహపు కక్ష్య గురించి భోజనం దగ్గర లెక్సెల్‌తో మాట్లాడాడు. కొద్దిసేపటికి మెదడులో నరం చిట్లి కూలిపోయాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. డెబ్బై ఆరేళ్ళు. తెరచాప కొయ్యతో మొదలైన లెక్క బెలూన్‌తో ఆగింది. అకాడమీ దగ్గర మిగిలిపోయిన ఆయన వ్యాసాలు అచ్చువేయడానికి ఇంకా దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. 1911లో మొదలైన ఆయన సమగ్ర రచనల ప్రచురణ ఎనభై సంపుటాలు దాటింది.

ఇంటి దగ్గర

దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా దారి బొమ్మ కాగితం మీద గీశాను. స్టేషను దగ్గర రెండు చుక్కలు పెట్టి నడుమ నిలువు గీత వేసి, దాని మీద నూట యాభై అని నిమిషాలు రాశాను. ఆ కాగితం జతచేసి బస్సు వేళ జరపమని ఒక అర్జీ ఇచ్చాం. తీసుకున్న అధికారి ఆ నిలువు గీత ఏమిటని అడిగారు, చెబితే శ్రద్ధగానే విన్నారు. బస్సు మాత్రం ఇంకా జరగలేదు. ఈలోగా మొగ్గలు ఆగవు కదా! నాన్న, ఇంకో ముగ్గురు పూలరైతులు కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు. అది అడ్డరోడ్డు దగ్గర ఆగకుండా గంపలతో నేరుగా స్టేషనుకే పోతుంది. ఖర్చు నలుగురూ పంచుకుంటున్నారు. బొమ్మలో ఒక కొత్త గీత అన్నమాట. రైలు అందుతోంది.

ఒకరోజు కాలువగట్టున కూర్చున్నప్పుడు నాన్నకు ఆయిలర్ కథంతా చెప్పాను. వంతెనల లెక్క శ్రద్ధగా విని, వేళ్ళమీద సరి బేసి చూసుకుని, ఒప్పుకున్నాడు. కళ్ళు పోయాయంటే నొచ్చుకున్నాడు. పొలాన్ని సైనికులు దోచారని చెప్పినప్పుడు మాత్రం తువ్వాలు భుజాన సర్దుకుని, పరిహారం అందిందా అని అడిగాడు. అందిందని చెప్పాను. చేతికే అందిందా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. అయితే అదృష్టవంతుడే అని లేచి, తూము చూడటానికి వెళ్ళాడు.